కుంకుమ కింద ముఖం

టీ గది

ఉదయం పది గంటల పది నిమిషాలకు టీ గదిలో కెటిల్ ఆగింది. బుధవారం. మా బాస్ మార్టిన్ తన కప్పులో టీబ్యాగ్ వేసుకుని, నా కప్పులో ఉత్త వేడినీళ్లు పోసి ఇచ్చాడు. టీబ్యాగ్ మరిచిపోయాడు. నేను చెప్పలేదు. రెండు గుక్కలు తాగాక కింద రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది.

"మీ కోసం ఒక పెద్దావిడ వచ్చారు. బీచ్ టవల్‌లో దేవతను చుట్టి తెచ్చారు. దేవత అని ఆవిడే అన్నారు, నేను కాదు" అంది రిసెప్షన్ అమ్మాయి.

నేను ఆక్లండ్‌లో ఒక మ్యూజియంలో కాగితం మీద ఉన్న బొమ్మల్ని కాపాడే పని చేసి రిటైరయ్యాను. ఆ పనికి కన్జర్వేటర్ అని పేరు. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చినవి జపాను వాళ్ల చెక్క అచ్చు బొమ్మలు. మనవైపు పెడనలో గుడ్డ మీద అచ్చులు వేస్తారు కదా, వాళ్లు కాగితం మీద వేశారు. ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. నా దగ్గరికి వచ్చినవాటిలో రాజులూ యుద్ధాలూ తక్కువ. ఆడవాళ్లు తల దువ్వుకుంటూ, బట్టలు ఉతుకుతూ, పిల్లాడి ముక్కు తుడుస్తూ, మూడు తీగల షమిసెన్ వాయిస్తూ ఉండేవారు. ఒకావిడ కాలిగోళ్లు తీసుకుంటూ ఉండేది. నాకు ఆవిడంటే ఇష్టం.

ఈ ఉద్యోగంలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడూ నాకు మెయిల్ రాస్తారు. ఎక్కడ చదవాలి, జీతమెంత, వీసా వస్తుందా అని అడుగుతారు. అవన్నీ వెబ్‌సైట్లలో ఉన్నాయి. లేనివి ఇక్కడ రాస్తున్నాను.

ఏమీ చేయకపోవడం

నా మొదటి బాస్ పేరు హెలెన్. చేరిన రోజు ఆవిడ నా ముందు ఒక బొమ్మ పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని చూడమంది. భోజనాల వేళ దాకా చూశాను. తర్వాత వచ్చి, "ఏం చేస్తావు దీనికి?" అంది. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. ఈ మరకకు ఇది, ఆ మచ్చకు అది అని చెప్పుకుంటూ పోయాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఏమీ చేయకూడదు" అని బొమ్మను పెట్టెలో పెట్టేసింది.

ఈ పనిలో సగం అదే. ఆ కాలపు రంగులు కొన్ని పూలనుంచి తీసినవి. ఒక నీలం ఉంది, నీటిచుక్క పడితే పోతుంది. ఎండ తగిలితే ఇంకాస్త మర్యాదగా, నెమ్మదిగా పోతుంది. అందుకని ఉతకం, తుడవం, గోడకు ఎక్కువ రోజులు తగిలించం. చిరిగితే మాత్రం గోధుమ గంజితో పల్చటి కాగితం అతికిస్తాం. సినిమా పోస్టర్లకు పూసే మైదా జిగురుకు అది దగ్గర చుట్టం. దీనికి మాత్రం డిగ్రీ కావాలి.

మా ఆయన రఘు కట్టడాల ఇంజినీరు. భూకంపం తర్వాత క్రైస్ట్‌చర్చ్‌లో చాలాకాలం పనిచేశాడు. సోమవారం విమానంలో వెళ్లి శుక్రవారం వచ్చేవాడు. "ఊళ్లో అందరికీ ఉతికితే జీతం, నీకు ఉతక్కపోతే జీతం" అనేవాడు. పిలిచిన ప్రతి ఇంట్లోనూ అదే అనేవాడు. జనం ప్రతిసారీ నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. ఇప్పుడు రాస్తుంటే బాగానే ఉందనిపిస్తోంది.

తెల్ల గ్లవ్స్ గురించి ఒక మాట. టీవీలో చూసి అందరూ అవి తొడుక్కుని వస్తారు. కాగితానికి అవి మంచివి కావు. దారప్పోగులు అంచుకు తగులుకుంటాయి, వేళ్లకు స్పర్శ తెలియదు. చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని పట్టుకోవాలి. ఈ సంగతి మార్టిన్‌కు నాకంటే బాగా తెలుసు. కానీ ఒకసారి టీవీ వాళ్లు వచ్చి గ్లవ్స్ తొడుక్కోమంటే తొడుక్కున్నాడు. బొమ్మ మీద దుమ్ము ఊదమంటే ఊదాడు. అక్కడ దుమ్ము లేదు. ఊదితే గాలితో పాటు ఇంకొకటి కూడా వస్తుంది. ఆ తర్వాత ఆ బొమ్మ దగ్గర మేమిద్దరం చాలాసేపు గడిపాం. మార్టిన్ మంచి బాస్. కెమెరాకు కాదని చెప్పలేడు, అంతే. మీ బాస్ దేనికి కాదని చెప్పలేడో ముందే తెలుసుకోండి.

బీచ్ టవల్

కిందికి వెళ్లేసరికి ఆవిడ రిసెప్షన్ సోఫాలో కూర్చుని ఉంది. చీర మీద కార్డిగన్, సాక్సు మీద జాండల్స్ అనే రబ్బరు చెప్పులు. ఒళ్లో చిలకల బొమ్మలున్న బీచ్ టవల్. పక్కన కారు తాళాలు పట్టుకుని యూనివర్సిటీ వయసు అమ్మాయి. పేరు ప్రియ అనీ, ఆవిడ మనవరాలిననీ చెప్పింది.

"తెలుగమ్మాయివేనా?" అందావిడ. నాకు అప్పటికి అరవై దాటాయి. అవునన్నాను.

"మాది ఫిజీ. మా తాత విజయనగరం వైపు నుంచి చెరుకు తోటల్లోకి వచ్చాడంట. ఊరి పేరు ఎవరికీ గుర్తులేదు. నన్ను లచ్చమ్మ ఆంటీ అంటారు. నువ్వూ అట్లాగే అను."

ఇప్పుడు ఆక్లండ్‌లోనే, మౌంట్ రాస్కిల్‌లో ఉంటున్నారట. టవల్ విప్పారు. పాత చెక్క ఫ్రేము, దానికి అద్దం లేదు. అగరొత్తి పొగకు నల్లబడిన కాగితం. అంచుల నిండా పసుపు వేళ్ల గుర్తులు. ఒక స్త్రీ కూర్చుని ఉంది, చేతిలో షమిసెన్, ఎదురుగా తెరిచిన పుస్తకం, బొమ్మ అడుగున ఒక పాదం బయటికి కనిపిస్తోంది. ముఖం మాత్రం లేదు. ముఖం ఉండాల్సిన చోట కుంకుమ గట్టిపడి చిన్న దిమ్మెలా లేచి ఉంది.

"సరస్వతి" అంది ఆంటీ.

"నానీ, ఆవిడ జపనీస్. ఎన్నిసార్లు చెప్పాలి?" అంది ప్రియ ఇంగ్లీషులో. అమ్మమ్మను నానీ అని పిలిచేది.

"నువ్వు ఆక్లండ్‌లో పుట్టావు. నిన్ను నేను మనవరాలివి కాదన్నానా?"

ఉద్యోగధర్మం కొద్దీ నేను అడగాల్సినవి అడిగాను. "హంస ఏదాంటీ?"

ఆవిడ వేలు పెట్టి చూపించింది. స్త్రీ పక్కన తెల్లటి పిల్లి ముడుచుకుని పడుకుని ఉంది.

"నిద్రపోతోంది" అంది.

"చెవులున్నాయి కదా."

"నిద్రపోతున్న హంసను నువ్వు దగ్గరగా చూశావా?"

చూడలేదు. ఆ మాటే చెప్పాను.

"సరస్వతికి నాలుగు చేతులుండాలి, ఈవిడకి రెండే" అంది ప్రియ. ఈ వాదన వాళ్లింట్లో పాతదని తెలుస్తూనే ఉంది.

"ఆ బట్ట చేతులు చూడు ఎంత వెడల్పున్నాయో. లోపల ఎన్నున్నాయో నీకేం తెలుసు? చలి దేశం. రెండు బయట పెట్టింది, రెండు లోపల పెట్టింది."

కిమోనో చేతుల్లో చోటు నిజంగానే ఎక్కువ. నేను మధ్యలోకి వెళ్లలేదు.

ఆంటీ వాళ్ల నాన్న ఫిజీలో లంబాసా అనే ఊళ్లో టైలరు. ఓడలో వంటవాడొకడు ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చి ఆ బొమ్మ ఇచ్చి వెళ్లాడట. నాన్నకు సరస్వతి ఎట్లా ఉంటుందో వాళ్లమ్మ నోటిమాటగా చెప్పింది: మంచి బట్టలు కట్టుకుని, కూర్చుని, తీగల వాద్యం వాయిస్తుంది, పుస్తకం ఉంటుంది. అన్నీ కుదిరాయి. కుట్టుమిషను పైన గోడకు పెట్టి, ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేవాడు. ఆయన తర్వాత ఆంటీ పెడుతోంది. ఫిజీనుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు బొమ్మను ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

"ఇప్పుడేం కావాలి ఆంటీ?"

"నా కళ్లు పోతున్నాయి" అంది, బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు. "పక్కలు కనబడతాయి. మధ్యలో మచ్చ. ఎవరివైపు చూస్తే వాళ్ల ముఖమే ఉండదు. డాక్టరు ఆపలేనన్నాడు. ఈ అమ్మవారి ముఖం చిన్నప్పుడు చూశాను. ఎట్లా ఉండేదో గుర్తు రావడం లేదు. పోయేలోపల చూడాలి." ఒక్క క్షణం ఆగి, "నేను పోయేలోపల కాదు, కళ్లు" అంది.

ప్రియ తాళాల వంక చూస్తోంది.

"అయితే కుంకుమ తీసెయ్యాలి" అన్నాను.

"అది తియ్యకు. మా నాన్న పెట్టింది."

"తియ్యకపోతే ముఖం కనబడదు."

"అందుకే నీ దగ్గరికి తెచ్చాను. ఊరికే తియ్యడమైతే ఇంట్లో తడిగుడ్డ లేదా?"

ఈ ఉద్యోగంలో మనుషులు అడిగేది ఎప్పుడూ ఇదే. పాతది పోకూడదు, కొత్తగా కనబడాలి. కాలేజీలో దీనికి ఒక కోర్సు పెట్టొచ్చు.

ఇంతలో మార్టిన్ కప్పు పట్టుకుని దిగాడు. బొమ్మను చూసి మెట్ల మీదే ఆగిపోయాడు. ఆ ఏడాది అతను ఒక ఎగ్జిబిషన్ పెడుతున్నాడు, జపాను బొమ్మల్లో ఆడవాళ్లు, సంగీతం, రోజువారీ బతుకు. పిల్లితో, షమిసెన్‌తో ఉన్న బొమ్మ తనంతట తానే టవల్‌లో నడిచి వచ్చింది.

"ఎవరీయన?" అంది ఆంటీ తెలుగులో.

"మా బాస్."

"ఎంగిలి కప్పుతో వచ్చాడు అమ్మవారి ముందుకి."

మార్టిన్‌కు అర్థం కాలేదు. తన గురించేనని గ్రహించి, నవ్వి, కప్పు కాస్త పైకెత్తాడు.

పారాణి

ఒప్పందం తేలిగ్గానే కుదిరింది. మేం బాగుచేసిపెడతాం, ఎగ్జిబిషన్‌లో కొన్నాళ్లు ఉంచుకుంటాం, తర్వాత ఇంటికి పంపిస్తాం. కుంకుమ సంగతి నేను చూస్తానన్నాను. ఎలా చూస్తానో నాకు తెలియదు. ఆవిడకు రెండూ కావాలి, ఆ కాగితం మీద రెండింటికీ చోటు లేదు.

మార్టిన్ ఆగలేకపోయాడు. పాత కాగితంలో పులుపు చేరుతుంది. దాన్ని తగ్గించడానికి పల్చటి సున్నపు తేట వాడతాం. బొమ్మ అడుగున, అంచు దగ్గర, దూదిపుల్లతో ఒక చిన్న చుక్క పెట్టి చూశాడు. అది చేయాల్సిన పరీక్షే. మరుక్షణం నా గదిలోకి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"రంగు కారుతోంది. పసుప్పచ్చగా ఉన్నది ఎర్రగా అయిపోయింది. ఆవిడకు ఫోన్ చెయ్యాలి. నువ్వు చెయ్యి, నీకు భాష వచ్చు."

వెళ్లి చూశాను. ఆంటీ వాళ్ల పసుపు వేళ్ల గుర్తు మీద సున్నపు నీళ్లు పెట్టాడు. నేను నవ్వాను. రఘు పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ తర్వాత నేను ఆ గదిలో పైకి నవ్వడం అదే మొదటిసారని మార్టిన్ తర్వాత చెప్పాడు. నాకు గుర్తులేదు. అతను గమనించాడు.

"రంగు కాదు, పసుపు. సున్నం తగిలితే ఎర్రబడుతుంది. మావైపు పెళ్లిలో దీన్ని పెళ్లికూతురి పాదాలకు పెడతాం. పారాణి అంటాం."

మార్టిన్ బొమ్మ వైపు చూశాడు. చుక్క సరిగ్గా ఆ స్త్రీ పాదం పక్కనే ఉంది.

"అంటే నేను ఈవిడకి పెళ్లి చేశానా?"

"పాదం వరకే చేశావు."

ఆరాక చాలావరకు మళ్లీ పసుపురంగుకే వచ్చింది. కాలి పక్కన ఒక సన్నని ఎర్రగీత మిగిలింది. జరిగింది జరిగినట్టు ఆంటీకి ఫోన్లో చెప్పాను. ఇది ముఖ్యం, తప్పు జరిగిన రోజే చెప్పాలి, మర్నాటికి అదే తప్పు ఇంకా పెద్దదవుతుంది. ఆవిడ విని, "రెండో పాదానికి ఎందుకు పెట్టలేదు?" అని అడిగింది. రెండో పాదం కిమోనో లోపల ఉందన్నాను. "అదీ నిజమే" అంది.

బొమ్మ ఏ మ్యూజియంనుంచి వచ్చిందో రాసుకోవడం మనకు నేర్పుతారు. ఏ ఇంటి గోడ మీద ఉంది, అక్కడ ఏం వండుతారు, ఏం పూజ చేస్తారు అని అడగడం నేర్పరు. అడగండి.

పొరలు

కుంకుమకు నీళ్లు తగలకూడదు. తగిలితే ఎరుపు కాగితంలోకి దిగిపోతుంది. అందుకని పొడిగానే, మైక్రోస్కోపు కింద, సన్నటి కత్తితో రేణువు రేణువుగా ఎత్తి, కుంచెతో పక్కకు తియ్యాలి. గంటసేపు పనిచేస్తే గోరుమీద పట్టేంత వస్తుంది. టీవీ వాళ్లు దీనికి రారు.

ప్రతి బుధవారం ప్రియ ఆంటీని కారులో తెచ్చి దింపేది. ఆవిడ నా వెనక కుర్చీలో కూర్చుని వ్యాఖ్యానం చేసేది.

అన్నిటికంటే పైన స్టిక్కర్ బొట్టు ఉంది, మెరూన్ రంగుది. ఆ జిగురు తియ్యడానికి నాకు రెండు బుధవారాలు పట్టింది.

"వేళ్లు వణుకుతున్నాయని ప్రియ కొనిచ్చింది. తేలికని పెట్టాను" అంది ఆంటీ.

"నేను నానీ కోసం కొన్నాను, గాడెస్ కోసం కాదు" అంది ప్రియ.

దాని కింద గులాబీ ఎరుపు, ఇక్కడ సాండ్రింగ్‌హామ్ కొట్లో దొరికే కుంకుమ. ఇంకా కింద ముదురు ఎరుపు, ఫిజీలో ఉన్నప్పుడు సువాలో కొన్నది. ప్రతి పొరకూ ఆంటీ దగ్గర ఒక సంగతి ఉండేది. ఇది ప్రియ పుట్టినప్పటిది, ఇది మీ అంకుల్ ఆపరేషన్‌ది, ఇది కొత్త ఇంటి తాళాలు చేతికొచ్చిన రోజుది అనేది. ఆవిడకు అక్కడ ఏమీ కనబడదు. నేను కాదనలేదు. కొన్ని నిజమై ఉండొచ్చు.

తీసిన పొడిని పారెయ్యొద్దంది. మాకూ పారేసే అలవాటు లేదు, తీసినదాన్ని గాజు సీసాల్లో పెట్టి దాస్తాం. మార్టిన్ చీటీలు అంటించాడు, "దేవత, పై పొర", "దేవత, మధ్య పొర".

అట్టడుగున ఇంకో కుంకుమ బయటపడింది. ముదురు గోధుమ ఎరుపు, గరుకు. కొట్లో కొన్నది కాదు. పసుపుకొమ్ములు నిమ్మరసంలో నానబెట్టి, వెలిగారం కలిపి ఇంట్లో దంచి చేసింది. ఆంటీ వాళ్ల నాన్న అట్లాగే చేసేవాడట. అది నుదుటి మీద మాత్రమే ఉంది, చిన్న గుండ్రటి బొట్టు. ఒకదాని మీద ఒకటి, అన్నీ ఒకే చోట. టైలరు చెయ్యి కదా, నూలుపోగంత కూడా అటూ ఇటూ కాలేదు.

మైక్రోస్కోపు దగ్గర నేను కాసేపు పని ఆపాను. ముఖాన్ని కప్పింది ఆయన కాదు. కళ్లమీద, ముక్కుమీద, నోటిమీద ఉన్నదంతా పై పొరలే. పొర కొత్తదయ్యేకొద్దీ బొట్టు నుదుటినుంచి కిందికి, పక్కలకు జరిగింది. ఒకటి చెంప మీద, ఒకటి గడ్డం మీద పడింది. స్టిక్కరైతే సరిగ్గా ముక్కు మీద ఉంది. ఎన్నో ఏళ్లుగా చూపు తగ్గుతున్న మనిషి చెయ్యి అది.

ఆవిడ నా వెనకే కూర్చుని ఉంది. అప్పుడు చెప్పలేదు. కానీ పని తేలికైంది. నాన్న బొట్టు ఉంచెయ్యొచ్చు, మిగతాది తియ్యొచ్చు. మార్టిన్‌కు నుదురు కూడా శుభ్రంగా కావాలి.

"నుదుటి మీద మరక ఉంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"బొట్టు అనుకుంటారు."

కాసేపు ఆలోచించి సరేనన్నాడు. మంచి బాస్ అని ఊరికే అనలేదు.

నోరు

గడ్డం ముందు బయటపడింది. తర్వాత నోరు. నోరు నల్లగా ఉంది, తెరిచి ఉంది. కాగితానికి చిల్లు పడిందనుకుని మార్టిన్ లైటు తెచ్చాడు. చిల్లు కాదు, పళ్లు. ఆ కాలంలో జపానులో పెళ్లయిన ఆడవాళ్లు పళ్లకు నల్లరంగు వేసుకునేవారు. తర్వాత ముక్కు వచ్చింది, కాస్త పైకి లాగినట్టు. తర్వాత కళ్లు, రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

ఆవిడ ఆవులిస్తోంది.

మార్టిన్ లైటు ఆర్పేశాడు.

"ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి దీన్ని ఎలా చూపిస్తాం?" అన్నాడు మార్టిన్.

నేను మళ్లీ బొమ్మ వైపు చూశాను. ఎదురుగా పుస్తకం, అంచున ఇంకొక వాద్యం కొస మాత్రం కనబడుతోంది. బొమ్మ బయట ఎవరో శిష్యురాలు కూర్చుని ఉండాలి, బాగా వాయించనిది. ఈవిడ ఇంట్లో పాఠం చెప్పే సంగీతం పంతులమ్మ అయ్యుండొచ్చు. ఇది నా ఊహ. మార్టిన్ ఎగ్జిబిషన్ చీటీలో దీన్ని ఊహ అని రాయలేదు. చీటీల్ని నమ్మకండి, అవి మాలాంటివాళ్లే రాస్తారు.

బుధవారం ఆంటీ వచ్చింది. మార్టిన్ టై కట్టుకున్నాడు. ఓదార్పు మాటలు ఇంగ్లీషులో రెండు వాక్యాలు, చివర ఒక నమస్తే, ముందే తయారుచేసుకున్నాడు. బొమ్మను కిటికీ లేని వైపు బల్ల మీద పెట్టాం. ఆవిడ ఎదురుగా నిలబడి, ముఖం పూర్తిగా పక్కకు తిప్పుకుంది. మార్టిన్ భయపడ్డాడు. చూడ్డం ఇష్టం లేక కాదు. ఆవిడకు కంటి అంచునుంచే కనబడుతుంది.

అట్లా తల తిప్పుతూ, ఒక పక్కనుంచి, ఇంకో పక్కనుంచి, ముక్కలు ముక్కలుగా చూసింది. చాలాసేపు చూసింది.

"ఆకూవక్కా వేసుకుంది" అంది ముందు.

తర్వాత ఇంకాస్త వంగింది.

"ఆవులిస్తోందా?"

"అవునాంటీ."

మార్టిన్ తన మొదటి వాక్యం మొదలుపెట్టాడు. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ వెతుక్కుని కూర్చుని మరీ నవ్వింది.

"మా నాన్న రోజూ సాయంత్రం ఈవిడ ముందు హార్మోనియం వాయించేవాడు. మేం బయటికి పారిపోయేవాళ్లం. ఈవిడ ఎక్కడికి పోతుంది పాపం, మేకు కొట్టి ఉంచితే?"

"నా యుకులేలే కూడా వినింది" అంది ప్రియ. అది నాలుగు తీగల బుల్లి గిటారు.

"అందుకే కళ్లు కూడా మూసుకుంది."

మార్టిన్ రెండో వాక్యం చెప్పకుండా నమస్తే మాత్రం చెప్పాడు.

నవ్వు తగ్గాక ఆవిడ అడిగింది. "నుదుటి మీదది నాన్నదేనా?"

"అవును. నుదుటి మీదది ఒక్కటే ఆయనది."

"మరి కింద కప్పేసిందంతా?"

అబద్ధం చెప్పాలని నాకు అనిపించిన మాట నిజం. ఆవిడ పక్కకు తిరిగి, కంటి అంచుతో నన్ను చూస్తోంది.

"ఆ తర్వాతది" అన్నాను.

"అంటే నేనే మూశాను."

ప్రియ వెళ్లి ఆవిడ కుర్చీ వెనక నిలబడింది.

"నెపం నాన్న మీద పెట్టాను ఇన్నాళ్లూ" అంది ఆంటీ. బొమ్మ వైపు తిరిగింది. "ఈవిడైనా ఒక మాట చెప్పొచ్చు కదా. నోరు తెరుచుకునే ఉందిగా."

సీసాలు

వెళ్లేముందు కుంకుమ సీసాలు అడిగింది. నియమం ప్రకారం అవి మ్యూజియంలో ఉండాలి. మార్టిన్ నియమం వైపు చూసి, ఆవిడ వైపు చూసి, సీసాలు ఇచ్చాడు. అతను కాదని చెప్పలేని వాటి జాబితాలో కెమెరా తర్వాత ఇది రెండోది.

ఆవిడ మధ్య పొర సీసా తెరిచి, వేలు ముంచి, ముందు మార్టిన్‌ను వంగమంది. అతని నుదురు పెద్దది. బొట్టూ పెద్దదే పడింది. అట్లాగే డైరెక్టరు మీటింగుకు వెళ్లాడు. ఎవరూ ఏమీ అడగలేదట. మర్యాదస్తుల దేశం.

తర్వాత ప్రియకు పెట్టింది. తర్వాత నావైపు తిరిగింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"నాకొద్దాంటీ. మా ఆయన లేరు."

"ఎన్నాళ్లయింది?"

"ఏడాది దాటింది."

"మా ఆయన పోయి ప్రియ వయసంత అయింది. ప్రతి శుక్రవారం ఈ చేత్తోనే ఈవిడకి బొట్టు పెట్టాను. వద్దందా? ఆవులించింది, అంతే. ఇట్లా రా."

నాకు పూజలూ పట్టింపులూ పెద్దగా లేవు. అయినా ఆ ఏడాది అద్దం ముందు కుంకుమ డబ్బా మూత తియ్యలేదు. ఎవరూ వద్దనలేదు, నేనే తియ్యలేదు. రాను అనడానికి కారణం వెతికితే దొరకలేదు. వెళ్లి నిలబడ్డాను.

ఆవిడ ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుని, తను పక్కకు తిరిగి, బొట్టు పెట్టింది.

"సరిగ్గా పడిందా?"

"పడిందాంటీ."

ఎడమ కనుబొమ్మ మీద పడింది. ప్రియ చూసింది, పెదవి కొరుక్కుని ఊరుకుంది. సాయంత్రం మోటార్‌వే మీద ట్రాఫిక్‌లో ఫ్లాట్ బుష్‌లో మా ఇంటి దాకా అట్లాగే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. పక్క కారులో ఒక చిన్నపిల్ల నన్ను చూస్తూ ఉండిపోయింది. ఇంటికి వెళ్లి కూడా వెంటనే కడుక్కోలేదు.

ఎగ్జిబిషన్‌లో ఆ బొమ్మ ముందు జనం ఎక్కువసేపు నిలబడేవారు. చాలామంది ఆవులించి వెళ్లేవారు, అది అంటుకుంటుంది. తర్వాత కొత్త ఫ్రేము కట్టి, వెలుతురును వడకట్టే అద్దం వేసి, నేనే మౌంట్ రాస్కిల్‌లో వాళ్లింటికి తీసుకెళ్లి ఎండ పడని గోడకు తగిలించాను. ఇక అద్దం మీద బొట్టు పెట్టుకోవచ్చు, కాగితానికేం కాదు అని చెప్పాను. ప్రియ వెంటనే కుంకుమ భరిణె తెచ్చింది.

"వద్దు" అంది ఆంటీ. "నాన్నది ఉంది చాలు. నా చెయ్యి సంగతి నాకు తెలిసింది కదా."

"నేను పెడతాను నానీ, నాకు కళ్లు కనబడతాయి."

"ఇప్పుడు కనబడతాయి."

ఆంటీకి ఇప్పుడు ముఖాలేవీ తెలియవు. నేను వెళితే గొంతు విని పలకరిస్తుంది. శుక్రవారాలు ఆ గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ప్రియ పక్కన కూర్చుని యుకులేలే వాయిస్తుంది, ఆంటీ ఆవులిస్తుంది. ఆ ఇంట్లో ఇప్పుడు బొమ్మకు బొట్టు పెట్టడం లేదు.